ఒక్క సెకను చూపు: సైకిల్ నావిగేషన్ యాప్‌కు బ్రాండు, తెరలు తీర్చిదిద్దే పద్ధతి

హ్యాండిల్‌కు బిగించిన ఫోనుకూ తొక్కేవారి కంటికీ మధ్య దూరం సుమారు 60 నుంచి 70 సెంటీమీటర్లు. గంటకు 18 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు 5 మీటర్లు. ఫోను వైపు ఒక్క సెకను చూస్తే 5 మీటర్లు కళ్లు మూసుకుని తొక్కినట్టే. హైదరాబాద్‌లో ఆ 5 మీటర్లలోనే ఒక మ్యాన్‌హోల్ మూత, ఒక స్పీడ్ బ్రేకర్, రాంగ్ రూట్‌లో ఎదురొచ్చే బండి ఇమిడిపోతాయి. అందుకే ఈ పనిలో పేరు, రంగు, అక్షరం, గొంతు అన్నింటికీ ఒకటే కొలబద్ద పెట్టుకోవాలి: ఆ ఒక్క సెకనులో ఏం తెలిసింది?

ఇక్కడ ఉదాహరణకు హైదరాబాద్ రోడ్లను తీసుకుని, తెలుగే మొదటి భాషగా ఉండే యాప్‌ను కడదాం. ఇంగ్లిష్‌లో తెరలన్నీ గీసి చివర్లో తెలుగు నింపితే ఏమవుతుందో చాలా యాప్‌లలో చూస్తూనే ఉన్నాం: తెగిన వత్తులు, బటన్ బయటికి పొంగిన మాటలు.

ముందు ఎవరికో తేల్చండి

కాగితం మీద ఇద్దరిని రాసుకోండి. ఒకరు ఆదివారం తెల్లవారుజామున గేర్ల సైకిల్‌పై 40 కిలోమీటర్లు తిరిగొచ్చేవారు. ఫోను హ్యాండిల్ మీద, చెవిలో ఇయర్‌ఫోన్. ఇంకొకరు రోజూ పనికి 6 కిలోమీటర్లు తొక్కేవారు. ఫోను చొక్కా జేబులో, ఛార్జింగ్ 30 శాతం, తెర మీద గీతలు. మొదటివారికి చూపే తెర కావాలి, రెండోవారికి మాట, అదురు (వైబ్రేషన్) చాలు. ఇద్దరికీ ఒకే యాప్ ఇవ్వొచ్చు. కానీ తెర ఆర్పేసినా దారి తెలిసేలా కడితేనే అది రెండోవారికి పనికొస్తుంది. కాబట్టి ప్రతి మలుపు సూచననూ తెర, మాట, అదురు అని మూడు వరుసలుగా రాయండి. ఒక వరుసలో ఖాళీ మిగిలితే ఆ సూచన ఇంకా పూర్తికానట్టు.

పేరు, గుర్తు

పేరుకు నాలుగు పరీక్షలు పెట్టండి. రోడ్డు రొదలో ఫోన్లో చెబితే అవతలివారికి ఒక్కసారికే అర్థం కావాలి. ఇంగ్లిష్ అక్షరాల్లో టైప్ చేస్తే రెండు మూడుకు మించి స్పెల్లింగులు రాకూడదు. వేరే అర్థం అడ్డు తగలకూడదు. చిన్న సైజులో అక్షరం చెదరకూడదు.

‘బాట’ మంచి మాటే, కానీ ఇంగ్లిష్‌లో వెతికితే చెప్పుల కంపెనీ వస్తుంది. ‘తొక్కు’ అంటే తెలంగాణలో ముందు గుర్తొచ్చేది అన్నంలో కలుపుకునేది. ‘దారి’కి ఇంగ్లిష్‌లో నాలుగు స్పెల్లింగులు. ఈ మార్గదర్శికి పని పేరుగా ‘పుంత’ తీసుకుందాం. గోదావరి జిల్లాల్లో పొలాల మధ్య బండి బాటను అలా అంటారు, ‘కొత్త పుంతలు తొక్కడం’ అనే నుడికారంలో తొక్కడం కూడా ఉంది. అంతకంటే పనికొచ్చే సంగతి: మధ్యలో సున్నా ఉంది. అదే చక్రం.

గుర్తు గీసేటప్పుడు ఆ సున్నాను మాత్రమే చక్రంగా మలచండి, ‘పు’, ‘త’లను వాటి మానాన వదిలేయండి. ప్రతి అక్షరాన్నీ సైకిల్ భాగంగా మార్చబోతే చివరికి పేరు చదవలేం. గీత మందం సున్నా బయటి వ్యాసంలో ఆరో వంతు ఉంటే చిన్న సైజులో లోపలి ఖాళీ పూడుకుపోదు. చక్రంలో పుల్లలు గీయకండి. 24 డీపీలో (డీపీ అంటే ఆండ్రాయిడ్ తెర కొలత, అంగుళంలో సుమారు 160వ వంతు) అవి బూడిద రంగు మసకగా మారిపోతాయి.

ఐకాన్‌కు పూర్తి పేరు పట్టదు. చక్రం, దాని కింద నుంచి సాగే ఒక వంపు గీత చాలు. ఆండ్రాయిడ్ అడాప్టివ్ ఐకాన్ (ఒక్కో ఫోను తనకు కావాల్సిన ఆకారంలో కత్తిరించుకునేది) 108 డీపీ చతురస్రం. అందులో మధ్యనున్న 66 డీపీ వృత్తం లోపల గీసిందే అన్ని ఫోన్లలోనూ తెగకుండా కనిపిస్తుంది. ఆండ్రాయిడ్ 13 నుంచి వాల్‌పేపర్ రంగుకు తగ్గట్టు మారే ఐకాన్లున్నాయి కాబట్టి ఒంటి రంగు రూపం కూడా సిద్ధం చేయండి. నోటిఫికేషన్ ఐకాన్ తెల్లటి ఆకారం, పారదర్శక నేపథ్యం మాత్రమే. రంగుల బొమ్మ పెడితే సిస్టమ్ రంగు తీసేసి ఒక ఖాళీ చతురస్రం చూపిస్తుంది.

పేరు ఖాయం చేసేముందు ట్రేడ్‌మార్క్ రిజిస్ట్రీ వెబ్‌సైట్‌లో 9వ తరగతి, అంటే డౌన్‌లోడ్ చేసుకునే సాఫ్ట్‌వేర్, అలాగే 42వ తరగతి, అంటే సాఫ్ట్‌వేర్ సేవలు, రెండింటిలోనూ వెతకండి. తెలుగు లిపిలో, ఇంగ్లిష్ స్పెల్లింగుల్లో విడివిడిగా చూడాలి. ఆన్‌లైన్ దరఖాస్తుకు వ్యక్తులకు, స్టార్టప్‌లకు, చిన్న సంస్థలకు ఒక్కో తరగతికి రూ.4,500. ఇతర కంపెనీలకు రూ.9,000.

రంగులు

బ్రాండు రంగు, దారి గీత రంగు ఒకటే కానక్కర్లేదు. నిజానికి కాకపోతేనే మంచిది. బ్రాండుకు బంతిపూల పసుపు, ఆర్‌జీబీ (ఎరుపు, ఆకుపచ్చ, నీలం పాళ్లు) 245, 168, 0 అనుకుందాం. ముదురు నేపథ్యం 20, 24, 31 మీద దాని కాంట్రాస్ట్ (రెండు రంగుల వెలుగు మధ్య నిష్పత్తి) 8.8కి పైనే. అదే పసుపుతో తెలుపు మీద అక్షరాలు రాస్తే 2కు పడిపోతుంది. మామూలు అక్షరాలకు 4.5, పెద్ద అక్షరాలకూ గుర్తులకూ 3 కనీసం ఉండాలన్నది వెబ్ యాక్సెసిబిలిటీ ప్రమాణం. మిట్టమధ్యాహ్నం ఎండలో అదీ చాలదు, ప్రయాణపు తెర మీది అక్షరాలకు 7 లక్ష్యంగా పెట్టుకోండి. అంటే పసుపు ఎప్పుడూ నేపథ్యంగానో, ముదురు నేపథ్యం మీద అక్షరంగానో ఉండాలి, తెల్లటి తెర మీద అక్షరంగా కాదు.

దారి గీతకు నీలం పెడితే చెరువులతో కలిసిపోతుంది. ఆకుపచ్చ పార్కులతో, ఎరుపు ట్రాఫిక్ జామ్‌తో. మ్యాప్ మీద ప్రకృతిలో గానీ రోడ్డులో గానీ లేని రంగు ముదురు గులాబీయే. విమానాల నావిగేషన్ తెరల మీద కూడా దారి గీత ఆ రంగులోనే ఉంటుంది. పగటి మ్యాప్‌కు 176, 0, 122 తీసుకోండి. లేత నేపథ్యం మీద కాంట్రాస్ట్ 6 దాటుతుంది. అదే రంగును రాత్రి మ్యాప్‌కు వాడితే 2.6కు దిగిపోతుంది. రాత్రికి 255, 92, 200 వేరుగా పెట్టాలి. గీత 9 డీపీ మందం, రెండు పక్కలా 2 డీపీ తెల్లటి అంచు. మిగతా రోడ్లు 2 నుంచి 4 డీపీ. ఎరుపు, ఆకుపచ్చ తేడా తెలియనివారూ ఉంటారు కాబట్టి ఎత్తునూ డౌనునూ రంగుతో పాటు బాణం గుర్తుతోనూ చూపండి.

తెలుగు అక్షరం తెర మీద

ఎక్కువ సమయం పెట్టాల్సింది ఇక్కడే.

ఫాంట్‌గా నోటో సాన్స్ తెలుగు, అనెక్ తెలుగు, హింద్ గుంటూరు మూడూ ఓపెన్ ఫాంట్ లైసెన్స్‌తో ఉచితంగా దొరుకుతాయి. నావిగేషన్‌కు అనెక్ తెలుగు వైపే మొగ్గొచ్చు. అందులో బరువుతో పాటు వెడల్పు కూడా మారుతుంది, పొడవాటి వీధి పేరును సైజు తగ్గించకుండా ఇరుకు రూపంలో పట్టించొచ్చు. ఇంగ్లిష్‌లో క్యాపిటల్ అక్షరాలు వాడి శీర్షికను వేరుచేస్తారు. మనకా వీలు లేదు. సైజు, బరువు, రంగు, ఈ మూడింటితోనే తేడా చూపాలి. వాలు అక్షరాలు, అక్షరాల మధ్య ఎడం పెంచడం జోలికి పోకండి.

వరుస ఎత్తు ఫాంట్ సైజుకు 1.6 రెట్లు పెట్టండి. పైన గుడులు, కింద వత్తులు ఉంటాయి కదా. ఇంగ్లిష్‌కు సరిపోయే 1.2తో బటన్ గీస్తే ‘రాష్ట్రపతి రోడ్డు’లో కింది వత్తు తెగిపోతుంది. పరీక్షకు ఓ చిన్న పట్టిక దగ్గర పెట్టుకోండి: రాష్ట్రపతి రోడ్డు, లక్డీకాపూల్, కుత్బుల్లాపూర్, లక్ష్మి, స్త్రీ, నానక్‌రామ్‌గూడ. ప్రతి తెరనూ ఈ ఆరు మాటలతో నింపి చూశాకే ఒప్పుకోండి.

‘నానక్‌రామ్‌గూడ’ను ఊరికే చేర్చలేదు. ‘క్’ తర్వాత, ‘మ్’ తర్వాత కంటికి కనిపించని ఒక విభజన అక్షరం ఉంటుంది. అది ఊడిపోతే ‘నానక్రామ్గూడ’ అయిపోతుంది. ఒకరు ఆ అక్షరంతో, మరొకరు లేకుండా టైప్ చేస్తారు కాబట్టి వెతుకులాటలో దాన్ని రెండు వైపులా తీసేసి పోల్చాలి. చూపేటప్పుడు మాత్రం ఉంచాలి. పొడవాటి పేరును కుదించేటప్పుడు కోడ్ అక్షరాల లెక్కన కోయకండి. ‘రాష్ట్రపతి’ని మధ్యలో కోస్తే ‘రాష్’ అని మిగులుతుంది. మాట మొత్తం ఉంచండి, లేదా మాట మొత్తం తీసేయండి.

అసలు ఉచ్చు మ్యాప్ లేబుళ్లలో ఉంది. చాలా వెక్టర్ మ్యాప్ ఇంజిన్లు (మ్యాప్‌ను ఫోనులోనే గీసే సాఫ్ట్‌వేర్) ఒక్కో అక్షరపు బొమ్మను విడిగా తెచ్చి పక్కపక్కన పేరుస్తాయి. ఇంగ్లిష్‌కు అది చాలు. తెలుగులో గుణింతాలు, వత్తులు విడిపోయి సున్నాచుట్ల వరుస కనిపిస్తుంది. డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో బాగా వచ్చిన లేబుల్ ఫోనులో చెదిరిందంటే కారణం ఇదే. రెండు మార్గాలున్నాయి: ఫోను సొంత టెక్స్ట్ ఇంజిన్‌తో పేరును చిన్న బొమ్మగా గీయించి మ్యాప్ మీద అతికించడం, లేదా లేబుళ్ల పొరను సర్వర్ దగ్గరే బొమ్మ టైల్స్‌గా (చిన్న చతురస్రపు ముక్కలుగా) తయారుచేయడం. నావిగేషన్‌లో ఒకసారికి కనిపించే పేర్లు పదికి మించవు కనుక మొదటిదే తేలిక. మొదటి వారంలోనే దీన్ని తేల్చుకోండి. చివర్లో బయటపడితే మ్యాప్ ఇంజిన్‌నే మార్చాల్సి రావచ్చు.

అంకెలకు 0 నుంచి 9 వరకు మామూలువే వాడండి. తెలుగు అంకెలు చదివే అలవాటు తప్పింది. అన్ని అంకెలకూ ఒకే వెడల్పుండే రకం ఎంచుకోకపోతే 111 నుంచి 98కి దిగేటప్పుడు సంఖ్య అటూ ఇటూ ఎగురుతుంది. ఇక ‘50 మీ.’ అని రాస్తే చుక్క కంటికి ఆనదు, ‘మీ’ అంటే మీది అనుకునే వీలుంది. ‘50 మీటర్లు’ అని పూర్తిగా రాయండి. ‘కి.మీ.’కి ఆ చిక్కు లేదు.

మాటల ఎంపిక

బటన్ మీది మాట ఎవరు ఎవరితో అంటున్నారో ముందు తేల్చుకోండి. బటన్ నొక్కేవారు యాప్‌కు చెబుతున్నారు కాబట్టి ‘ఆపు’, ‘వెతుకు’, ‘బయల్దేరు’ అనడంలో అమర్యాద లేదు, పైగా పొట్టి. యాప్ తొక్కేవారితో మాట్లాడేటప్పుడు మాత్రం ఎప్పుడూ ‘ఆగండి’, ‘తిరగండి’. ఈ తేడా పాటించని యాప్‌లో ఒక తెర మర్యాదగా, ఇంకో తెర కసురుకున్నట్టుగా ఉంటుంది.

‘గమ్యస్థానం నమోదు చేయండి’ వద్దు, ‘ఎక్కడికి?’ చాలు. ‘మార్గం పునర్గణించబడుతోంది’ బదులు ‘వేరే దారి చూస్తున్నాం’. ‘స్థానం లభ్యం కాలేదు’ బదులు ‘జీపీఎస్ దొరకట్లేదు’. ‘ఆరోహణ’ అంటే సంగీతం గుర్తొస్తుంది, ‘ఎత్తు’ అనండి.

ప్రయాణపు తెర

దీని మీద నాలుగే వస్తువులు: తిరగాల్సిన వైపు బాణం, అక్కడికి దూరం, వీధి లేదా ఆనవాలు పేరు, మ్యాప్ ముక్క. వేగం, కేలరీలు, వాతావరణం, స్నేహితుల ఫొటోలు అన్నీ ఆగాక చూసుకునేవి.

తెరలో పై 40 శాతాన్ని సూచనకు ఇవ్వండి. బాణం 96 డీపీ. దూరం అంకెలు 64 ఎస్పీ (అక్షరాలకు వాడే డీపీ లాంటి కొలత), అంటే తెర మీద అంకె ఎత్తు సుమారు 7 మిల్లీమీటర్లు. 65 సెంటీమీటర్ల దూరం నుంచి, అదిరే హ్యాండిల్ మీద ఒక్క చూపులో అందుతుంది. వీధి పేరు 30 ఎస్పీ, ఒకే వరుస. మ్యాప్‌లో మన సైకిల్ గుర్తును మధ్యలో కాకుండా కింది నుంచి పావు వంతు ఎత్తులో పెట్టండి, రావాల్సిన దారి ఎక్కువ కనిపిస్తుంది.

ఆండ్రాయిడ్‌లో తాకే బటన్ కనీస సైజు 48 డీపీ, దాదాపు 8 మిల్లీమీటర్లు. కుర్చీలో కూర్చున్నవారికి సరే. ఇక్కడ 72 డీపీ, మధ్య ఎడం 16 డీపీ పెట్టండి. బటన్లన్నీ కింది అంచునే ఉండాలి, పై మూలలకు వేలు చాపితే హ్యాండిల్ వంగుతుంది. ప్రయాణాన్ని ఆపే బటన్‌కు ఒక సెకను నొక్కిపట్టే పద్ధతి ఇవ్వండి. వానచుక్కలు తెరను తాకినట్టే లెక్కలోకి వస్తాయి, మామూలు బటనైతే జల్లు పడగానే ప్రయాణం ఆగిపోతుంది.

తెర ఎప్పుడూ వెలిగి ఉంటే బ్యాటరీ పోతుంది, ఎండలో వేడెక్కిన ఫోను తనంతట తానే వెలుగు తగ్గించేస్తుంది. మలుపుకు 150 మీటర్ల ముందు వెలిగి, తిరిగిన 5 సెకన్లకు ఆరిపోయే పద్ధతిని ముందుగానే ఆన్ చేసి ఇవ్వండి. ఆండ్రాయిడ్‌లో తెర ఆరినా జీపీఎస్ నడవాలంటే ఫోర్‌గ్రౌండ్ సర్వీస్ (నోటిఫికేషన్ చూపుతూ వెనక నడిచే పని) కావాలి. యాప్ తెరిచి ఉండగానే దాన్ని మొదలుపెడితే ‘యాప్ వాడుతున్నప్పుడు’ అనే అనుమతే సరిపోతుంది. ‘ఎల్లప్పుడూ’ అడిగి జనాన్ని బెదరగొట్టకండి.

మ్యాప్: ఫ్లైఓవర్, యూటర్న్, ట్రాక్

ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ డేటా వాడుకోవచ్చు, మ్యాప్ మూలన దాని పేరు చూపడం లైసెన్స్ షరతు. కారు మ్యాప్‌ను తెచ్చి సైకిల్ బొమ్మ అతికిస్తే మూడు చోట్ల దెబ్బతింటుంది.

మొదటిది ఫ్లైఓవర్. పైన ఉన్నామో కింద ఉన్నామో జీపీఎస్ చెప్పలేదు. పైగా ఎత్తుల డేటాకు నేల తెలుసు గానీ ఫ్లైఓవర్ తెలియదు, కాబట్టి ఎత్తు గ్రాఫ్‌లో వంతెన ఎక్కడం కనిపించదు. విడిపోయే చోటికి 200 మీటర్ల ముందే, రెండు పాయల బొమ్మలో మన పాయను మందంగా గీసి చూపండి. ఓఆర్ఆర్ (ఔటర్ రింగ్ రోడ్డు) ప్రధాన రహదారి మీద ద్విచక్ర వాహనాలకే అనుమతి లేదు, సైకిల్‌కు సర్వీస్ రోడ్డే గతి. ఈ నిషేధం దారి ఎంచే (రూటింగ్) నియమాల్లోనే ఉండాలి, హెచ్చరికగా కాదు.

రెండోది యూటర్న్. సిగ్నల్ తీసేసి యూటర్న్ పెట్టిన కూడళ్లలో కారుకు చుట్టు తిరగక తప్పదు. సైకిల్‌వారు దిగి, జీబ్రా క్రాసింగ్ మీద తోసుకుంటూ దాటేయొచ్చు. దీనికి వేరే సూచన, వేరే బొమ్మ కావాలి: సైకిల్ పక్కన నడిచే మనిషి. ‘దిగి దాటండి’.

మూడోది ఓఆర్ఆర్ పక్కనున్న సోలార్ కప్పు సైకిల్ ట్రాక్. 2023 అక్టోబర్ 1న మొదలైనప్పుడు ఈ 23 కిలోమీటర్ల ట్రాక్‌లో నానక్‌రామ్‌గూడ నుంచి టీఎస్‌పీఏ (పోలీస్ అకాడమీ) వైపు 8.5, నార్సింగి నుంచి కొల్లూరు వైపు 14.5 కిలోమీటర్లు. వెడల్పు 4.5 మీటర్లు. కంచె అవతల 10 మీటర్ల దూరంలో ట్రాక్ కనిపించినంత మాత్రాన ఎక్కగలమని కాదు. రూటు ఎప్పుడూ ప్రవేశ ద్వారాల దగ్గరే ట్రాక్‌ను కలవాలి. పైకప్పు కింద మనమున్న చోటును చూపే చుక్క పక్క రోడ్డు మీదికి జరిగే వీలుంది కాబట్టి, ట్రాక్ ఎక్కినవారిని తర్వాతి ద్వారం దాకా ట్రాక్ మీదే ఉన్నట్టు లెక్కించండి. లేకపోతే ప్రతి నిమిషం ‘వేరే దారి చూస్తున్నాం’ అంటుంది.

మాట, అదురు

ఒక్కో మలుపుకు రెండు సూచనలు చాలు: 150 మీటర్ల దగ్గర, అంటే 30 సెకన్ల ముందు. 40 మీటర్ల దగ్గర, 8 సెకన్ల ముందు. మాటకు ముందు అర సెకను గంట మోగించండి, చెవి అటు తిరుగుతుంది. ‘నూట యాభై మీటర్ల తర్వాత కుడికి తిరగండి’ అన్నప్పుడు మొదటి మాటలు హారన్‌లో కలిసిపోయినా చివరనున్న ‘కుడికి’ అందుతుంది. తెలుగు వాక్యక్రమం ఇక్కడ మనకు కలిసొచ్చింది, దాన్ని తిప్పిరాయకండి.

కలిసిరానిది వ్యతిరేకార్థం. ‘ఫ్లైఓవర్ ఎక్కండి’, ‘ఫ్లైఓవర్ ఎక్కకండి’, రెంటికీ తేడా ఒక్క ‘క’. బస్సు పక్కన పోతుంటే ఆ ఒక్క అక్షరం వినిపించదు, సైకిల్ ఫ్లైఓవర్ ఎక్కుతుంది. గొంతు సూచనల్లో ‘తిరగకండి’, ‘ఎక్కకండి’, ‘వెళ్లకండి’ అనే రూపాలను పూర్తిగా నిషేధించండి. ‘ఫ్లైఓవర్ కింద నుంచి, ఎడమ పక్కగా వెళ్లండి’ అని చేయాల్సిందే చెప్పండి.

‘ముందు’ అనే మాటా అంతే. ‘పెట్రోల్ బంకు ముందు ఎడమకు’ అంటే బంకు రాకముందా, బంకు ఎదురుగానా? ‘బంకు దాటాక’, ‘బంకు రాకముందే’ అని విడదీయండి. నాలుగు రోడ్లు కలిసే చోటు హైదరాబాద్‌లో ‘చౌరస్తా’, విజయవాడలో ‘సెంటర్’. ‘సీదా’ అని ఒకచోట, ‘తిన్నగా’ అని ఇంకోచోట. యాప్ వేరే ఊరికి వెళ్లినప్పుడు మ్యాప్‌తో పాటు ఈ మాటల పట్టిక కూడా మారాలి. అన్నిచోట్లా చెల్లేది కావాలంటే ‘నేరుగా’.

అదురుకు లిపి చిన్నదిగా ఉంచండి: ఎడమకు రెండు పొట్టివి, కుడికి ఒక పొడుగుది, దారి తప్పితే వరుసగా నాలుగు. ఇంతకు మించి జేబులో ఎవరికీ గుర్తుండదు.

ఎండలో పరీక్ష

కోడ్ రాయకముందే తెరలను ఫోను సైజులో ప్రింట్ తీసి, అట్టముక్కకు అతికించి హ్యాండిల్‌కు కట్టండి. ఒక్క సెకను చూపించి మూసేయండి. ఎటు తిరగాలి, ఎంత దూరంలో అని అడగండి. ఐదుగురిలో ఒకరు తడబడినా ఆ తెర మళ్లీ గీయాల్సిందే.

ఫోనులో నడిచే నమూనా వచ్చాక మధ్యాహ్నం 12 నుంచి 2 మధ్య, ఒక ఫ్లైఓవర్, ఒక యూటర్న్, ఒక ఇరుకు సందు ఉన్న 8 నుంచి 10 కిలోమీటర్ల చుట్టు పెట్టుకోండి. ముందు ఒకరు తొక్కాలి, వెనక 20 మీటర్ల దూరంలో మరొకరు నోట్ చేసుకుంటూ రావాలి. లెక్క పెట్టాల్సినవి మూడు: తప్పిన మలుపులు, తెర చూడ్డానికి ఆగిన సార్లు, ఫోను వైపు రెండు సెకన్లకు మించి చూసిన సార్లు. మూడోది ఎక్కువైతే సాధారణంగా తప్పు మ్యాప్‌ది కాదు, పై భాగంలోని సూచనది. వీధి పేరు ఇరుక్కుపోయి ఉంటుంది, లేదా బాణం కన్నా దూరం అంకె ముందు కంట్లో పడుతూ ఉంటుంది. అదే చుట్టును ఫోను జేబులో పెట్టుకుని ఇంకోసారి, చీకటి పడ్డాక మరోసారి తొక్కించండి. రాత్రి పరీక్షలో తెర వెలుగు కళ్లకు కొట్టి రోడ్డు మీది గుంత కనబడట్లేదంటే నేపథ్యాన్ని ఇంకా నల్లగా చేసి, మ్యాప్ ముక్కను పూర్తిగా తీసేసి, బాణం, అంకె మాత్రమే మిగల్చండి.